తుపాకీ వారిది, భుజం ఎవరిది?

వియత్నాం యుద్ధం ముగిసి 2025 ఏప్రిల్ 30 నాటికి యాభై ఏళ్లు నిండాయి. ఒకప్పటి సైగాన్, నేటి హో చి మిన్ నగరంలో ఆనాడు ఘనంగా సైనిక కవాతు జరిగింది. లావోస్, కంబోడియా సైనికులతో పాటు చైనా సైనికులు కూడా అందులో నడిచారు. 1979 ఫిబ్రవరిలో వియత్నాం ఉత్తర సరిహద్దు దాటి వచ్చి, పట్టణాలను నేలమట్టం చేసి వెళ్లిన సైన్యానికి వీరు వారసులు. రాజ్యాల స్నేహాలకు జ్ఞాపకశక్తి తక్కువ అనుకోవాలి.

ఈ సందర్భంలో ఎక్కడ విన్నా అమెరికా ఓటమి గురించే. ప్రపంచంలోకెల్లా బలమైన సైన్యాన్ని ఒక రైతుల దేశం ఓడించిన కథ కనుక అది సహజమే. అయితే ఆ కథకు ముందు మరో కథ ఉన్నది. వియత్నాం స్వాతంత్ర్యాన్ని అణచడానికి వచ్చిన సైన్యాలలో ముందు వరుసన నిలిపింది ఎవరిని? తామే పరాయి పాలనలో మగ్గుతున్న ప్రజలను. 1945లో మన భారతీయ సిపాయిలను, ఆ తరువాత తొమ్మిదేళ్ల పాటు మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, పశ్చిమాఫ్రికా యువకులను. ఉత్తరాఫ్రికా నుంచి అక్కడికి పంపబడినవారే లక్షకు పైగా. వారిలో దాదాపు అందరూ ముస్లింలు. ఈ భాగం పాఠ్యపుస్తకాల్లోకి రాలేదు, కవాతుల్లోనూ కనిపించదు. దీనిని మనం తెలుసుకోవలసిన అవసరం మాత్రం ఉన్నది.

1945 ఆగస్టులో జపాన్ లొంగిపోయేనాటికి వియత్నాం ప్రజలు ఇద్దరు యజమానుల మధ్య నలిగి ఉన్నారు. 1940 నుంచి పాలన ఫ్రెంచివారిది, ఆజ్ఞ జపానువారిది. 1945 మార్చిలో జపాన్ ఆ ముసుగు కూడా తీసివేసింది. యుద్ధావసరాలకు బియ్యం తరలించి, వరి పొలాల్లో బలవంతంగా జనుము వేయించిన పాపం ఫలితంగా ఉత్తరాదిన ఘోరమైన కరవు వచ్చింది. చనిపోయినవారి సంఖ్యను చరిత్రకారులు నాలుగు లక్షల నుంచి ఇరవై లక్షల వరకు లెక్కగడతారు. బెంగాల్ కరవు మృతులను మనవారు ఇంకా మరవని రోజులవి. ఆ ఆకలి నేల మీద నిలబడి, సెప్టెంబరు 2న హనోయ్‌లోని బా దిన్ మైదానంలో హో చి మిన్ స్వాతంత్ర్య ప్రకటన చదివారు. దానిని 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మాటలతో ఆరంభించారు. ముసాయిదాను ముందుగా ఒక అమెరికన్ గూఢచార అధికారికి వినిపించారు కూడా. ఆ వేసవిలోనే అమెరికన్ బృందం ఒకటి అడవిలోకి పారాచూట్లతో దిగి, ఆయన దళానికి తుపాకులిచ్చింది, జ్వరంతో మంచం పట్టిన ఆయనకు మందులిచ్చింది. ఆ చెలిమి మూణ్ణాళ్ల ముచ్చటే అయింది.

ఎందుకంటే వియత్నాం భవితవ్యం హనోయ్‌లో కాదు, జులైలోనే జర్మనీలోని పోట్స్‌డామ్‌లో తేలిపోయింది. ఒక్క వియత్నామీయుడైనా లేని ఆ సమావేశంలో 16వ అక్షాంశం వద్ద గీత గీశారు. గీతకు ఉత్తరాన జపాన్ సేనలను నిరాయుధం చేసే పని చియాంగ్ కై షేక్ చైనాకు, దక్షిణాన బ్రిటన్‌కు. బ్రిటన్‌కు అంటే ఏమిటి? ఆనాటి ఆసియాలో బ్రిటన్ సైన్యమంటే చాలావరకు భారత సైన్యమే.

సెప్టెంబరు 13న జనరల్ డగ్లస్ గ్రేసీ సైగాన్‌లో దిగాడు. ఆయన వెంట వచ్చింది బర్మా రణరంగంలో ఆరితేరిన 20వ భారత డివిజన్. అందులో గూర్ఖాలు, పంజాబ్ రెజిమెంటు, ఫ్రాంటియర్ ఫోర్స్ దళాలు. పంజాబీ ముస్లింలు, పఠాన్లు, సిక్కులు, డోగ్రాలు ఒకే దళంలో కలిసి ఉన్న సేనలివి. జపాన్ సైనికుల ఆయుధాలు తీసుకుని వారిని ఇంటికి పంపడం వారికి అప్పగించిన పని. జరిగింది వేరు. సెప్టెంబరు 21న గ్రేసీ ప్రకటన జారీ చేశాడు. పత్రికలు మూతపడ్డాయి, సభలు, ఊరేగింపులు నిషిద్ధమయ్యాయి. జపాన్ చెరలో ఉన్న సుమారు 1,400 మంది ఫ్రెంచి సైనికులను విడిపించి, వారి చేతికి ఆయుధాలిచ్చారు. 23వ తేదీ తెల్లవారుజామున వారు నగర పాలక భవనాన్ని, పోలీసు ఠాణాలను ఆక్రమించి, దొరికిన వియత్నామీయులను కొట్టి బంధించారు. వియత్నాం దక్షిణ ప్రాంతంలో ఆ తేదీని నేటికీ ప్రతిఘటన ఆరంభమైన రోజుగా స్మరిస్తారు. మర్నాటి రాత్రి ఒక ఫ్రెంచి కాలనీలో స్త్రీలు, పిల్లలతో సహా సుమారు నూటయాభైమంది పౌరులను ఊచకోత కోశారు. పీడితుల పక్షం వహించేవారు ఈ సంగతిని దాచి చెప్పకూడదు.

ఆ తరువాత గ్రేసీ చేసిన పని మరీ విచిత్రం. తాను ఎవరిని నిరాయుధం చేయడానికి వచ్చాడో ఆ జపాన్ సైనికుల చేతనే వియత్నాం స్వాతంత్ర్య యోధుల మీద యుద్ధం చేయించాడు. నిన్నటిదాకా బర్మాలో ఒకరినొకరు చంపుకున్న భారతీయ సిపాయి, జపాన్ సైనికుడు సైగాన్ పొలిమేరల్లో ఒకే పక్షాన నిలబడి కాపలా కాశారు. ఈ ఆక్రమణను ఆక్షేపించిన అమెరికన్ అధికారి పీటర్ డ్యూయీని గ్రేసీ దేశం విడిచిపొమ్మన్నాడు. ఆయన వెళ్లవలసిన రోజునే, సెప్టెంబరు 26న, ఫ్రెంచివాడనుకుని వియత్ మిన్ యోధులు కాల్చి చంపారు. వియత్నాంలో అమెరికా కోల్పోయిన తొలి సైనికుడు, ఆక్రమణను ఎదిరించి మాట్లాడినవాడు కావడం ఆ దేశ దురదృష్టం.

ఈ కొద్ది నెలల్లో బ్రిటిష్, భారతీయ సైనికులు నలభైమంది దాకా అక్కడ మరణించారు. వారు ఎవరి కోసం చనిపోయారు? కాలాన్ని ఒకసారి గమనించండి. 1945 నవంబరులో ఢిల్లీ ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులు షా నవాజ్ ఖాన్, సహగల్, ధిల్లాన్‌ల మీద విచారణ జరుగుతున్నది. హిందువు, ముస్లిం, సిక్కు ఒకే బోనులో నిలబడ్డారని దేశమంతా వీధుల్లోకి వచ్చింది. నేతాజీ సుభాష్ చంద్రబోస్ కల్నల్ హబీబుర్ రహ్మాన్‌తో కలిసి తన చివరి విమానం ఎక్కింది కూడా అదే సైగాన్‌లో, ఆగస్టు 17న. అంటే భారత స్వాతంత్ర్యం కోసం బయలుదేరినవారు విడిచివెళ్లిన నగరంలోకి, నెల తిరగకుండానే, వియత్నాం స్వాతంత్ర్యాన్ని అణచడానికి భారతీయులనే తెచ్చి దించారు. మన వేలితో మన కన్నే పొడిపించడమంటే ఇదే. ఇండోనేషియాలోనూ, ఇండోచైనాలోనూ భారత సైనికులను వాడడం చూసి తమకు ఆగ్రహం, సిగ్గు కలుగుతున్నాయని జవాహర్‌లాల్ నెహ్రూ బహిరంగంగా చెప్పారు. 1947 జనవరిలో కలకత్తా విద్యార్థులు వియత్నాం దినం పాటించారు. ఇదే గ్రేసీ తరువాత పాకిస్తాన్ సర్వసేనాధిపతి అయ్యాడు, 1948 నుంచి 1951 ఆరంభం వరకు. ముస్లింల కోసం ఏర్పడిన దేశానికి తొలినాళ్ల సేనానిగా ఇటువంటి చరిత్ర ఉన్న దొర దొరకడం ఆ కాలపు వింతలలో ఒకటి.

భారతీయుల పట్ల వియత్నామీయుల అనుమానం ఆ సిపాయిలతోనే మొదలు కాలేదు. మెకాంగ్ డెల్టా రైతుల భూములు వడ్డీ కింద చెట్టియార్ల చేతుల్లోకి పోయాయి. పాండిచ్చేరి, కారైకాల్ నుంచి వెళ్లిన ఫ్రెంచి పౌరసత్వం గల తమిళులు పోలీసుల్లో, పన్నుల శాఖలో కొలువు చేశారు. సైగాన్ నడిబొడ్డున 1935లో దక్షిణ భారత ముస్లిం వర్తకులు కట్టుకున్న మసీదు నేటికీ ఉన్నది. నిజాయితీగా వ్యాపారం చేసుకుని బతికినవారు వారిలో ఎందరో. అయినా పాలకుని నీడలో బతికే చిన్న సమూహానికి ఉండే చిక్కు వారికీ తప్పలేదు. పాలకుడు చేసిన పాపానికి జవాబు చెప్పవలసి వచ్చింది ఆ నీడన ఉన్నవారు.

ఉత్తరాన చైనా సైన్యం కథను క్లుప్తంగా చెప్పవచ్చు. దాదాపు రెండు లక్షలమంది వచ్చి, కరవు నేల మీద కూర్చుని తిన్నారు. 1946 ఫిబ్రవరిలో చైనాలోని తన ప్రత్యేక హక్కులను ఫ్రాన్స్ వదులుకోగా, బదులుగా వారు ఉత్తర వియత్నాంను ఫ్రెంచివారికి విడిచి వెళ్లారు. నవంబరులో ఫ్రెంచి నౌకాదళం హైఫాంగ్ రేవు మీద ఫిరంగులు పేల్చి వేలమందిని చంపింది. డిసెంబరు 19న యుద్ధం మొదలైంది.

ఆ యుద్ధం ఫ్రాన్స్‌ది. కాని ఫ్రాన్స్ తన ఇళ్లలోంచి నిర్బంధ సేవకు తీసుకున్న యువకులను అక్కడికి పంపలేదు. పంపితే పారిస్ వీధుల్లో తల్లులు ఊరుకోరని పాలకులకు తెలుసు. వలసల్లోని తల్లులను అడిగేవారెవరు? మొరాకోలో 1945 కరవు సంవత్సరం. సైన్యంలో చేరితే జీతం, ఇంటికి పంపడానికి నాలుగు డబ్బులు. అప్పటికే వారిలో చాలామంది ఇటలీలోని మాంటే కాసినో కొండల మీద నాజీలతో పోరాడి ఫ్రాన్స్ పరువు నిలిపినవారు. తరువాతి కాలంలో అల్జీరియా తొలి అధ్యక్షుడైన అహ్మద్ బెన్ బెల్లా కూడా ఆ యుద్ధంలో పతకం పొందినవాడే. 1945 మే 8న ఐరోపా విజయోత్సవం జరుపుకుంటున్న రోజున అల్జీరియాలోని సెతీఫ్‌లో స్వాతంత్ర్యం కోరిన ఊరేగింపు మీద కాల్పులు జరిగాయి. ఆ తరువాతి రోజుల్లో వేలమందిని చంపారు. యుద్ధం నుంచి ఇంటికి వచ్చిన సిపాయికి స్వాగతం పలికినవి సమాధులు. మళ్లీ అతన్నే ఓడ ఎక్కించి ఇండోచైనాకు పంపారు.

హో చి మిన్ ఈ సిపాయిని శత్రువుగా మాత్రమే చూడలేదు. 1920ల్లో పారిస్‌లో వలసదేశాల ప్రజల కోసం పత్రిక నడిపిననాటి నుంచి ఉత్తరాఫ్రికా వారి బతుకు ఆయనకు తెలుసు. మొరాకోలోని రీఫ్ కొండల్లో స్పెయిన్, ఫ్రాన్స్ సైన్యాలను ఎదిరించిన అబ్దుల్ కరీం అల్ ఖత్తాబీ ఇరవై ఏళ్ల ప్రవాసం తరువాత 1947లో ఫ్రెంచివారి చెర తప్పించుకుని కైరో చేరారు. మీ మాట వింటారు, మీ సైనికులకు నచ్చజెప్పండి అని వియత్నాం నుంచి ఆయనకు కబురు వెళ్లింది. 1949లో మొరాకో నుంచి ఎంహమ్మద్ బెన్ ఔమర్ లహ్రష్ అనే కమ్యూనిస్టు కార్యకర్త వియత్నాం చేరాడు. వియత్నామీయులు అతనికి ఆన్ మా అని పేరు పెట్టుకున్నారు. అరబీలోనూ ఫ్రెంచిలోనూ కరపత్రాలు, ఫ్రెంచి శిబిరాలవైపు తిరిగిన లౌడ్‌స్పీకర్లు, పట్టుబడిన ఉత్తరాఫ్రికా ఖైదీలతో మాటామంతీ: ఇదీ అతని పని. మతవిశ్వాసి అయిన ఒక రీఫ్ నాయకుడు, మతం లేని ఒక కమ్యూనిస్టు ఒకే సిపాయికి ఒకే మాట చెప్పడంలో వారికి ఇబ్బంది కలగలేదు. నీ యుద్ధం ఇక్కడ లేదు, నీ ఇంటి దగ్గర ఉన్నది అన్నదే ఆ మాట.

అందరూ విన్నారా? లేదు. ఫ్రెంచి పక్షాన చివరిదాకా పోరాడినవారే ఎక్కువ. 1954 మార్చి 13న దియెన్ బియెన్ ఫూ లోయలో యుద్ధం మొదలైనప్పుడు, రెండో రోజు రాత్రి గాబ్రియేల్ అనే కొండను కాపాడుతూ తుడిచిపెట్టుకుపోయింది ఒక అల్జీరియన్ బెటాలియన్. మరో కొండ మీద మొరాకోవారు. వారి చుట్టూ వియత్నామీయులు, తాయి గిరిజనులు కూడా ఫ్రెంచి యూనిఫాంలోనే ఉన్నారు. ఎదుట జనరల్ జియాప్ సైన్యం. సైకిళ్ల మీద, భుజాల మీద మోసి తెచ్చిన ఫిరంగులు, చైనా ఇచ్చిన విమాన విధ్వంసక తుపాకులు. మే 7న కోట కూలింది. పదివేలకు పైగా బందీలైనారు. వారిలో మూడోవంతు మాత్రమే నాలుగు నెలల తరువాత తిరిగి అప్పగించబడ్డారు. సుదీర్ఘ నడకలోనూ, శిబిరాల్లోనూ ఆకలికి, రోగాలకు మరణించినవారిలో ముస్లిం సిపాయిలూ ఉన్నారు. వియత్నాం పక్షపు మానవీయతను కీర్తించేవారు ఈ లెక్కను కూడా చదవాలి.

తిరిగి వెళ్లినవారు మాత్రం వచ్చినవారిగా తిరిగి వెళ్లలేదు. ఫ్రాన్స్ ఓడిపోగలదని వారు కళ్లారా చూశారు. ఆరు నెలలైనా గడవకముందే, 1954 నవంబరు 1న అల్జీరియా విమోచన యుద్ధం మొదలైంది. ఇండోచైనాలో పోరు నేర్చిన సిపాయిలు ఎందరో అందులో చేరారు. కాకతాళీయమే కావచ్చు, సరిగ్గా అదే రోజున పాండిచ్చేరి పాలన ఫ్రాన్స్ చేతుల నుంచి భారతదేశానికి వచ్చింది. దానికి ముందే, దియెన్ బియెన్ ఫూ పతనమైన అయిదు వారాలకు, జూన్ 13న మన గోదావరి ఒడ్డున ఉన్న తెలుగు యానాంలో ఫ్రెంచి పాలన అంతమైంది. యానాం ఉద్యమకారుల త్యాగాన్ని తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆసియాలో ఫ్రాన్స్ నడుము విరిగిన ఆ వేసవి లేకపోతే వారి పని మరింత కష్టమయ్యేది. కొందరు మొరాకో సిపాయిలు మాత్రం ఇంటికి వెళ్లలేకపోయారు. వియత్నామీయ స్త్రీలను పెళ్లాడి, హనోయ్‌కి పడమట బా వీ కొండల దగ్గర వ్యవసాయ క్షేత్రంలో స్థిరపడ్డారు. అక్కడ వారు తమ దేశపు శైలిలో కట్టిన ద్వారం ఇంకా నిలిచి ఉన్నది. 1972లో భార్యాపిల్లలతో మొరాకో చేరారు.

యుద్ధంలో గెలిచినది వియత్నాం. జెనీవా చర్చల్లో ఆ గెలుపు మొత్తం దాని చేతికి రాలేదు. ఈసారి చేయి పట్టి ఆపింది మిత్రులు. చైనా ప్రధాని చౌ ఎన్ లై, సోవియట్ మంత్రి మొలొటోవ్ తమ తమ దేశాల అవసరాలు చూసుకున్నారు. దేశాన్ని 13వ అక్షాంశం దగ్గర విభజించమన్న ఫాం వాన్ డాంగ్‌ను ఒక్కొక్క మెట్టు దించి 17 దగ్గరికి తెచ్చారు. రెండేళ్లలో, 1956 జులైలో ఎన్నికలు అన్నారు. పర్యవేక్షణ సంఘానికి భారతదేశం అధ్యక్షత వహించింది. ఎన్నికలు జరగలేదు. యుద్ధకాలంలో ఓటు పెట్టి ఉంటే బహుశా ఎనభై శాతం హో చి మిన్‌కే పడేవని అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ తన జ్ఞాపకాల్లో ఒప్పుకున్నాడు. ప్రజాస్వామ్యం పేరు చెప్పి సైన్యాలు దించేవారు ఓటుపెట్టెకు ఎందుకు భయపడతారో చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

అప్పటికే ఫ్రెంచి యుద్ధ వ్యయంలో నాలుగింట మూడు వంతులకు పైగా అమెరికాయే భరిస్తున్నది. 1965 నుంచి నేరుగా దిగింది. 1969 నాటికి అయిదు లక్షల నలభైవేల సైనికులు. దక్షిణ కొరియా, థాయ్‌లాండ్, ఆస్ట్రేలియా, ఫిలిప్పీన్స్ దేశాలను వెంట తెచ్చుకుంది. వియత్నాం ప్రభుత్వం 1995లో వెల్లడించిన లెక్క ప్రకారం 1954 నుంచి 1975 వరకు ఆ దేశంలో మరణించినవారు ముప్ఫై లక్షలకు పైన, వారిలో ఇరవై లక్షలు సామాన్య పౌరులు. ఇక్కడ కూడా పాత పద్ధతే. కళాశాల చదువులున్నవారికి మినహాయింపులు దొరికాయి, పేదలకూ నల్లవారికీ పిలుపు కాగితాలు అందాయి. ఆ కాగితానికి లొంగని ఒక ముస్లిం పేరు మన పిల్లలకు కూడా తెలుసు. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్ నగరంలో పేరు పిలిచినప్పుడు ముహమ్మద్ అలీ అడుగు ముందుకు వేయలేదు. ప్రపంచ విజేత బిరుదు ఊడబెరికారు, అయిదేళ్ల జైలు, పదివేల డాలర్ల జరిమానా విధించారు. బరిలోకి దిగకుండా మూడేళ్లకు పైగా ఆపారు. 1971 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ శిక్షను కొట్టివేసింది. తన విశ్వాసం ఈ యుద్ధాన్ని ఒప్పుకోదని చెప్పిన పౌరుడిని రాజ్యం దేశద్రోహి అన్నది. అతడు కోర్టులో నిలబడి గెలిచాడు. మైనారిటీ హక్కుల కోసం పనిచేసేవారు ఆ కేసును చదవడం మంచిది.

వియత్నాం గెలిచింది. అయితే వియత్నాంలోనే ఉన్న అల్పసంఖ్యాకుల మాట ఏమిటి? ఈ ప్రశ్న అడగకుండా ఈ సంపాదకీయం పూర్తి కాదు. మధ్య తీరాన ఒకప్పుడు చంపా రాజ్యం ఉండేది. 1471లో విజయ నగరం వియత్నామీయుల చేతిలో పడింది. చివరి తునక 1832లో కలిసిపోయింది. సముద్ర వర్తకంతో చేరిన ఇస్లాంను స్వీకరించినవారు, పాత శైవాన్ని నిలుపుకున్నవారు చామ్ ప్రజల్లో పక్కపక్కనే బతుకుతున్నారు. నేడు వారు వియత్నాంలో లక్షా డెబ్బైవేలకు పైన ఉంటారు. ఇక మధ్య పీఠభూమిలో గిరిజనులు. 1955 నుంచి సైగాన్ పాలకుడు దీయెమ్ వారి స్వపరిపాలనను రద్దుచేసి, మైదాన ప్రాంతాల వారిని తెచ్చి వారి భూముల్లో నిలిపాడు. ఉత్తరాన హనోయ్ ప్రభుత్వం గిరిజనులకు స్వయంపాలిత మండలాలు ఏర్పరచింది, దక్షిణాదివారికీ ఆశ చూపింది. 1975లో విజయం చేతికందిన ఏడాదే ఆ మండలాలనూ ఎత్తివేసింది.

ఈ కడుపుమంట పరాయివారి కంట పడకుండా ఉంటుందా? అమెరికా ప్రత్యేక దళాలు గిరిజన యువకులకు ఆయుధాలిచ్చి వియత్ కాంగ్ మీదికి పంపాయి. కంబోడియా తన లెక్కలతో తాను చేయి కలిపింది. కంబోడియా సైన్యంలో అధికారి అయిన లెస్ కోసెమ్ అనే చామ్ ముస్లిం, గిరిజన నాయకుడు ఇ బాం ఎనువోల్ తదితరులు కలిసి 1964లో పీడిత జాతుల విమోచన ఐక్య సంఘటన నెలకొల్పారు. ఫ్రెంచి పేరులోని తొలి అక్షరాలతో దానిని ఫుల్రో అంటారు. వారి ఫిర్యాదులు నూటికి నూరుపాళ్లు న్యాయమైనవి. కాని సైగాన్, హనోయ్, వాషింగ్టన్, ఫ్నోంపెన్‌ల నడుమ వారు అడకత్తెరలో పోకచెక్క అయ్యారు. 1975 తరువాత అమెరికా ఏరు దాటి తెప్ప తగలేసింది. కొత్త పాలకుల దృష్టిలో వారు శత్రువు ఏజెంట్లు. వారి మొత్తం జాతి మీద ఆ ముద్ర పడింది. మిగిలినవారు అడవుల్లోకి, అక్కడినుంచి కంబోడియా సరిహద్దులోకి వెళ్లి పోరు సాగించారు.

1992లో కంబోడియాలోని మొండుల్కిరి అడవుల్లో ఐక్యరాజ్యసమితి శాంతిసేన వారిని కలుసుకున్నప్పుడు సుమారు 400 మంది యోధులు మిగిలి ఉన్నారు. తమ నాయకుడు ఇ బాం ఎనువోల్ నుంచి ఆదేశం రావాలని, దాని కోసమే ఎదురుచూస్తున్నామని వారు చెప్పారు. 1975 ఏప్రిల్‌లో ఖ్మేర్ రూజ్ సేనలు ఫ్నోంపెన్‌ను ఆక్రమించినప్పుడు ఆయన ఫ్రెంచి రాయబార కార్యాలయంలో తలదాచుకున్నారు. ఖ్మేర్ రూజ్ అడిగితే అక్కడివారు ఆయనను గేటు బయటికి పంపించారు. ఆయనను చంపివేసి పదిహేడేళ్లయిందని ఆ అడవిలోని మనుషులకు అప్పుడే తెలిసింది.